బోరు నీళ్ళ ఇంట్లో షవర్ గోడలకు ఏం వేస్తే రోజూ రుద్దే పని తప్పుతుంది?

కావలి_కొత్తిల్లు

అందరికీ నమస్కారం. కావలిలో ఇల్లు కడుతున్నాం. గోడల ప్లాస్టరింగ్ అయిపోయింది, వచ్చే నెలలో బాత్రూమ్ టైల్స్ మొదలుపెట్టాలి. రెండు బాత్రూమ్‌లు. ఒకటి మాకూ పిల్లలకూ, షవర్ పెడుతున్నాం. రెండోది అమ్మానాన్నలకు, వాళ్ళు బకెట్, చెంబుతోనే పోసుకుంటారు.

బోరు నీళ్ళు తప్ప వేరే దారి లేదు. నీటిలో కరిగిన లవణాలు ఎంతో చూపే టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే 1,100 దాటింది. ఇప్పుడున్న అద్దె ఇంట్లో కుళాయిలు, గోడలు అన్నీ తెల్లగా ఉప్పు పట్టిపోయాయి. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళమే. ఆదివారం వస్తే చాలు బ్రష్ పట్టుకుని బాత్రూమ్‌లో కూర్చోవాల్సి వస్తోంది. కొత్త ఇంట్లో ఆ బాధ ఉండకూడదని గట్టిగా అనుకున్నాం.

షాపువాళ్ళు గ్లాసీ టైల్స్ వేయమంటున్నారు. మా మామయ్య చీమకుర్తి గ్రానైటే మేలంటున్నారు. తెలిసినవాళ్ళు ఒకరు పీవీసీ ప్యానెల్స్ చాలంటున్నారు. అందంకంటే కడగడం తేలికగా ఉండటమే మాకు ముఖ్యం. వాడుతున్నవాళ్ళు చెప్పండి.

కందుకూరు_గృహిణి

ముందు ఒక్క మాట. నల్ల టైల్స్ జోలికి వెళ్ళొద్దు. మాకు ఇల్లు కట్టించి ఇచ్చినాయన ఫ్యాషన్ అని షవర్ గోడకు నిగనిగలాడే నల్ల టైల్స్ వేయించాడు. స్నానం చేసి వచ్చిన పావుగంటకే ప్రతి నీటి చుక్కా ఆరి తెల్ల చుక్కయి కూర్చుంటుంది. తుడిస్తే పోతుంది, మళ్ళీ స్నానం, మళ్ళీ చుక్కలు.

పక్క బాత్రూమ్‌లో లేత బూడిద రంగు, మెరుపు తక్కువ ఉన్న టైల్స్. నీళ్ళు అవే, మనుషులం మేమే. అక్కడ ఆ మరక కంటికి ఆనదు. వారానికి ఒకసారి కడిగితే సరిపోతోంది.

చీమకుర్తి_పాలిష్

గ్రానైట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. నేను ఇక్కడ పాలిషింగ్ యూనిట్‌లోనే పని చేస్తాను. మా చీమకుర్తి గ్రానైట్, అదే బ్లాక్ గెలాక్సీ, చాలా గట్టి రాయి, నీళ్ళు పీల్చుకోవడం చాలా తక్కువ. బంగారు చుక్కల్లా కనిపించేవి రాతిలోనే ఉన్న బ్రాంజైట్ అనే ఖనిజం, పూత కాదు కాబట్టి రుద్దితే పోవు. ఇది నల్ల రాయి గనక కందుకూరు అక్క చెప్పిన తెల్ల చుక్కల సమస్య దీనికీ ఉంది, అది నిజమే.

అయితే గ్రానైట్‌కు ఒక పెద్ద లాభం ఉంది. స్లాబ్ కోయించి పెడితే ఒక గోడకు ఒకటో రెండో ముక్కలు చాలు. జాయింట్లు దాదాపు ఉండవు. మన వైపు రవాణా ఖర్చు తక్కువ, పెద్ద స్లాబుల నుంచి మిగిలిన ముక్కలు కూడా దొరుకుతాయి. నల్లది వద్దనుకుంటే లేత రంగు గ్రానైట్ చూసుకోండి. లేదా అదే నల్ల రాయిని లెదర్ ఫినిష్‌లో తీసుకోండి, అద్దంలా మెరవదు కాబట్టి చుక్కలు తక్కువ కనిపిస్తాయి.

మార్కాపురం_పలక

మా ఊరి పలక రాయి గోడకు వేస్తే చాలా అందంగా ఉంటుంది. షవర్‌లో వేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

టైల్స్_మేస్త్రి_నెల్లూరు

పలక రాయి వరండా గోడకు, ఎలివేషన్‌కు వేసుకోండి. షవర్‌లో వద్దన్నా. అది పొరలు పొరలుగా ఉండే రాయి. పొరల మధ్య నీరు చేరుతుంది, పైపొర పెచ్చు లేస్తుంది. నీరు ఇంకకుండా సీలర్ పూత కొడుతూనే ఉండాలి. అక్క అడిగిందే పని తక్కువ కావాలని.

కడప బండ కూడా షవర్ గోడకు వద్దు. అది సున్నపు రాయి జాతి. ఉప్పు మరక పోవాలని నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్ళు పోసినా, యాసిడ్ పోసినా రాయే కరుగుతుంది. మార్బుల్ సంగతీ అంతే. మెరుపు పోయి మచ్చ పడుతుంది, మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే.

ఇక అసలు విషయం. ఏ టైల్ అని అందరూ అడుగుతారు, మధ్యలో ఏం నింపుతారని ఎవరూ అడగరు. పాత బాత్రూమ్‌లు పగలగొట్టే పనులు చాలా చేశాను. పదేళ్ళయినా టైల్ బాగానే ఉంటుంది, నల్లబడేది జాయింటే. ముఖ్యంగా నేల నుంచి మొదటి రెండు వరసలు. మన ఇళ్ళల్లో చెంబుతో పోసుకుంటారు కాబట్టి సబ్బు నీళ్ళు, మురికి అంతా మోకాలి ఎత్తులోనే చిమ్ముతుంది. నేలా గోడా కలిసే మూల దగ్గర వేలితో గీరి చూడండి, మెత్తగా నల్లటి పాచి వస్తుంది. దాని కింద తెల్ల సిమెంట్ పొడి పొడిగా రాలుతుంది. యాసిడ్‌తో కడిగీ కడిగీ సిమెంట్ తినేసి ఉంటుంది. అక్కడి నుంచే నీరు లోపలికి దిగి అవతలి గదిలో పెయింట్ ఉబ్బుతుంది.

అందుకని షవర్ ఉన్న చోట ఎపాక్సీ ఫిల్లింగే చేయించండి. నీళ్ళు పీల్చదు, పాచి వేళ్ళూనదు. ఖర్చు జాయింట్లలో మామూలుగా నింపే సిమెంట్ గ్రౌట్ కంటే చాలా ఎక్కువే. కానీ బాత్రూమ్ మొత్తం ఖర్చులో అది చిన్న భాగం.

ఇంకో జాగ్రత్త. మామూలు గ్రౌట్ పొడిలో ఏదో తెల్ల ద్రావణం కలిపి ఇదే ఎపాక్సీ అని చెప్పేవాళ్ళున్నారు. అసలు ఎపాక్సీలో రెసిన్, హార్డెనర్ అని రెండు ప్యాకెట్లు, ఫిల్లర్ పొడి ఇంకొకటి, మొత్తం మూడు కలుపుతారు. మీ కళ్ళ ముందు ప్యాకెట్ విప్పించండి.

ఉదయగిరి_దుబాయ్

ఇక్కడ మా ఫ్లాట్‌లో షవర్ చుట్టూ యాక్రిలిక్ గోడలే. ఒక్క జాయింట్ లేదు, గుడ్డతో తుడిస్తే అయిపోతుంది. మన దగ్గర ఎందుకు వాడరు?

సివిల్_ఒంగోలు

వాడొచ్చు. కాకపోతే అలాంటివి కొలత ప్రకారం తయారై వస్తాయి, మన గోడలు అంత నిక్కచ్చిగా మూలమట్టానికి ఉండవు. యాక్రిలిక్ మీద గీతలు త్వరగా పడతాయి. మన ఇళ్ళల్లో స్క్రబ్బర్, సబీనా పొడి లేకుండా కడగడం ఎవరికీ తృప్తిగా ఉండదు. గీత పడ్డ చోట మురికి పట్టి మాసినట్టే ఉంటుంది. సాలిడ్ సర్‌ఫేస్ అని ఇంకో రకం ఉంది. యాక్రిలిక్ రెసిన్‌లో ఖనిజ పొడి కలిపి చేస్తారు, అతుకు కనపడకుండా అంటించొచ్చు, గీత పడితే గరుకు కాగితం పట్టించి నునుపు చేయొచ్చు. సరుకు నిజంగా మంచిది. కానీ ఖరీదు ఎక్కువ, బాత్రూమ్‌కు సరిగ్గా చేసే పనివాళ్ళు దొరకాలి.

లోపల గుల్లగా ఉండే పీవీసీ ప్యానెల్స్ మాత్రం షవర్ గోడకు వద్దే వద్దు. నీరు వాటి గుండా పోదు, నిజమే, కానీ అతుకుల్లోంచి వెనక్కి చేరుతుంది. చేరిన నీరు ఆరే దారి ఉండదు. బయటికి శుభ్రంగా కనిపిస్తూనే వెనక బూజు, బొద్దింకలు. సీలింగ్‌కు వేసుకోండి, బాగుంటాయి.

పొదిలి_నీళ్ళు

మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళు. ఈ తెల్ల మరకలు ఫ్లోరైడ్ వల్లే అని అందరూ అంటారు. నిజమేనా?

సివిల్_ఒంగోలు

కాదండీ. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడ్ తాగే నీటి సమస్య. ఎముకలకు, పళ్ళకు హాని చేస్తుంది, కంటికి కనిపించదు. గోడ మీద తెల్లగా పట్టేది ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు, అంటే నీటి కాఠిన్యం. నీళ్ళు కాచే గిన్నె అడుగున పొర కట్టేదీ అదే. వేడి చేస్తే ఇంకా త్వరగా పేరుకుంటుంది కాబట్టి గీజర్ నీళ్ళు వచ్చే షవర్ రంధ్రాలు ముందు మూసుకుపోతాయి.

కావలి అక్కా, టీడీఎస్ మీటర్ నీటిలో కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది. అందులో కాఠిన్యం ఎంతో చెప్పదు. సముద్రం వైపు బోర్లలో మామూలు ఉప్పే ఎక్కువ ఉండొచ్చు. ఒకసారి ల్యాబ్‌లో నీటి పరీక్ష చేయించి టోటల్ హార్డ్‌నెస్, అంటే మొత్తం కాఠిన్యం చూడండి. తాగే నీటికి ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాములు మేలు, వేరే నీళ్ళు లేకపోతే 600 దాకా సరే అంటారు. 600 కూడా దాటితే మీరు ఏ టైల్ వేసినా మరక పడుతూనే ఉంటుంది. అప్పుడు ట్యాంకు నుంచి బాత్రూమ్‌లకు వెళ్ళే లైనుకు సాఫ్ట్‌నర్ పెట్టుకోవడం గురించి ఆలోచించాలి. అది కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. అప్పుడప్పుడు ఉప్పు నీళ్ళతో కడగాలి, ఆ కడిగిన నీళ్ళు మొక్కలకు పోనివ్వకూడదు. సాఫ్ట్‌నర్ పెట్టాక టీడీఎస్ మీటర్‌తో చూసి అంకె తగ్గలేదని కంగారు పడకండి, తగ్గదు.

సబ్బు గురించి కూడా. కఠినజలంలో సబ్బు కాల్షియంతో కలిసి జిగురు తెట్టులా మారుతుంది, నీటిలో కరగదు. గోడ మీద మనం రుద్దేది చాలావరకు అదే. లిక్విడ్ బాడీ వాష్ వాడితే ఆ తెట్టు బాగా తగ్గుతుంది.

కావలి_కొత్తిల్లు

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. నీళ్ళ పరీక్షకు ఇస్తాను. టైల్ సంగతి తేల్చుకోవాలి. గోడకు సిరామిక్ వేయాలా, విట్రిఫైడ్ వేయాలా? మేస్త్రి గోడకు సిరామిక్ చాలు, విట్రిఫైడ్ పట్టదు, ఊడిపోతుంది అంటున్నాడు.

టైల్స్_మేస్త్రి_నెల్లూరు

ఆయన చెప్పింది సిమెంట్ పాలు పోసి అంటించే పద్ధతికి నిజం. విట్రిఫైడ్ నీళ్ళు పీల్చదు, అర శాతం లోపే. పీల్చకపోతే సిమెంట్ పట్టుకోదు. కొన్నాళ్ళకు తట్టి చూస్తే గుల్ల శబ్దం వస్తుంది. గోడ మీద పెద్ద టైల్ అలా వదిలితే పిల్లలున్న ఇంట్లో ప్రమాదం.

దానికి టైల్ అడ్హెసివ్ వాడాలి. బస్తా మీద ఐఎస్ 15477 అని, టైప్ అని ఉంటుంది. టైప్ 1 మామూలు సిరామిక్‌కు. గోడకు విట్రిఫైడ్ అంటే టైప్ 2 గానీ ఆ పైది గానీ తీసుకోండి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అతికించనివ్వకండి. పళ్ళ కరణితో గోడంతా పరిచి, టైల్ వెనక కూడా పూసి నొక్కాలి. ముద్దల మధ్య ఖాళీ ఉంటే అక్కడ నీరు నిలుస్తుంది.

సివిల్_ఒంగోలు

ఇంకో మాట. గోడల సిరామిక్ టైల్స్ పైన గ్లేజు ఉన్నా, లోపలి మట్టి నీటిని బాగానే పీలుస్తుంది, పది శాతం పైనే. జాయింట్ సరిగ్గా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. జాయింట్ పోతే టైల్ వెనక నుంచి తడుస్తుంది. లేత రంగు టైల్ మీద మేఘం కమ్మినట్టు మచ్చ కనిపిస్తే అది పైది కాదు, ఎంత రుద్దినా పోదు. షవర్ ఉన్న రెండు గోడలకైనా విట్రిఫైడ్ వేయండి. మిగతా గోడలకు సిరామిక్ చాలు.

చీమకుర్తి_పాలిష్

నేను మళ్ళీ అడుగుతున్నా, స్లాబే వేస్తే ఈ జాయింట్ల తలనొప్పే లేదు కదా?

టైల్స్_మేస్త్రి_నెల్లూరు

అన్నా, స్లాబ్ బరువు సంగతి చూడు. ఏడడుగుల స్లాబ్ ఇరుకు బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి నిలబెట్టి అతికించడానికి నలుగురు మనుషులు కావాలి. కుళాయి రంధ్రాలు ముందే కొలిచి కోయాలి. ఒక రంధ్రం అర అంగుళం తప్పితే స్లాబ్ మొత్తం పోయినట్టే. చేసేవాళ్ళుంటే బ్రహ్మాండం, కాదనను. గడపకు, షాంపూలు పెట్టుకునే గూడు అడుగుకు, కూర్చునే దిమ్మెకు మాత్రం గ్రానైట్‌ను మించింది లేదు. ఒక్క ముక్కతో పని అయిపోతుంది, అంచు గుండ్రం చేయించుకోవచ్చు.

చీమకుర్తి_పాలిష్

అది ఒప్పుకుంటా. గూడుకు వేసేటప్పుడు బయటికి కొంచెం వాటం పెట్టించండి అక్కా, లేకపోతే సబ్బు నానిపోయి మడుగు కడుతుంది.

కందుకూరు_గృహిణి

నేల గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? పెద్దవాళ్ళున్న ఇల్లు అన్నారు. మా అత్తమ్మ ఆదివారం తలంటు పోసుకుంటే నేలంతా నూనె, కుంకుడు పులుసు. నున్నటి టైల్ అయితే కాలు పెట్టలేం. అలాగని మరీ గరుకుది వేస్తే ఆ గరుకులో మురికి ఇరుక్కుని బ్రష్ అరిగిపోతుంది. నాకైతే నేల మీద కూడా జాయింట్లు తక్కువ ఉండేలా పెద్ద టైల్ వేస్తే బాగుండేదనిపిస్తుంది.

పసుపు కూడా. సున్నిపిండిలో, పేరంటం రోజు కాళ్ళ పసుపులో, ఆ రంగు తెల్ల సిమెంట్ జాయింట్‌లోకి దిగిందంటే అంతే సంగతి.

టైల్స్_మేస్త్రి_నెల్లూరు

వదినా, నేల మీద పెద్ద టైల్ వేస్తే నీళ్ళ వాటం రాదు. జాలీ ఒక మూలో మధ్యనో ఉంటుంది, నాలుగు వైపుల నుంచీ దానికి వాటం తేవాలి. రెండడుగుల టైల్‌ను వంచలేం కదా, ఏటవాలుగా కోయాలి. అప్పుడు జాయింట్లు పెరుగుతాయి, మూలల్లో నీళ్ళు నిలుస్తాయి. నిలిచిన నీళ్ళలోనే పాకుడు పడుతుంది. అడుగు బై అడుగు టైల్ వేసి ఎపాక్సీ నింపితే వాటం చక్కగా వస్తుంది.

సివిల్_ఒంగోలు

మీ ఇద్దరి మాటా నెగ్గే దారి ఒకటుంది. గోడ పొడవునా పెట్టే సన్నటి పొడవాటి జాలీ. అది పెడితే నేలంతా ఒకే వైపుకు వాలితే చాలు, పెద్ద టైల్ కోయకుండా వేయొచ్చు. షవర్ చోటు మూడడుగులు ఉంటే ముప్పావు అంగుళం వాటం ఇవ్వండి. జాలీ తేలికగా పైకి లేచి వచ్చేదిగా తీసుకోండి, జుట్టు తీయాలి. స్టీల్‌లో 304 కాకుండా 316 గ్రేడ్ అడగండి. మన కోస్తా గాలికి, ఉప్పు నీళ్ళకు 304 మీద తుప్పు చుక్కలు వస్తాయి. 316లో మాలిబ్డినం ఉంటుంది, బాగా తట్టుకుంటుంది.

కాలు జారకుండా పట్టు ఉండే విషయానికి వస్తే, మెరుపు లేని మ్యాట్ టైల్స్‌కు ఆర్ 10, ఆర్ 11 అని పట్టు రేటింగ్ ఉంటుంది. పెద్దవాళ్ళ బాత్రూమ్‌కు ఆర్ 11 అడగండి, రుద్దడం కొంచెం ఎక్కువైనా సరే. అక్కడ జారిపడకుండా ఉండటమే మొదటి లెక్క. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట పట్టుకునే కడ్డీలు బిగించడానికి టైల్స్ వేయకముందే చోటు గుర్తు పెట్టుకోండి.

ఉదయగిరి_దుబాయ్

షవర్‌కు గ్లాస్ పార్టిషన్ పెట్టొచ్చా ఆ నీళ్ళకు?

కందుకూరు_గృహిణి

పెట్టొచ్చు, స్నానం చేసిన ప్రతిసారీ వైపర్‌తో దించే ఓపిక ఇంట్లో అందరికీ ఉంటే. మా పిల్లలకు లేదు. కర్టెన్ పెట్టి ఊరుకున్నాం, నెలకోసారి వాషింగ్ మెషీన్‌లో వేస్తా.

సివిల్_ఒంగోలు

పెడితే టఫెన్డ్ గ్లాసే పెట్టాలి, 8 మిల్లీమీటర్లకు తగ్గకుండా.

కావలి_కొత్తిల్లు

గ్లాస్ వద్దులెండి, అర్థమైంది. ఇదీ మేం అనుకున్నది, చూసి చెప్పండి. షవర్ ఉన్న రెండు గోడలకు రెండు బై నాలుగు అడుగుల విట్రిఫైడ్, లేత బూడిద రంగు, మెరుపు తక్కువ ఉండే శాటిన్ ఫినిష్. నిలువుగా వేస్తే మోకాలి ఎత్తులో అడ్డ జాయింట్ రాదు కదా? నేలకు మా బాత్రూమ్‌లో పొడవాటి జాలీ, అమ్మానాన్నల దాంట్లో అడుగు టైల్స్ ఆర్ 11. అన్నిటికీ ఎపాక్సీ. గూడు అడుగుకు, గడపకు చీమకుర్తి ముక్కలు. నీళ్ళ రిపోర్ట్ వచ్చాక సాఫ్ట్‌నర్ సంగతి చూస్తాం.

మరక పట్టినప్పుడు దేనితో కడగాలి? మా ఇంట్లో అందరూ యాసిడే పోస్తారు.

టైల్స్_మేస్త్రి_నెల్లూరు

నిలువుగానే వేయించండి అక్కా, నేల దగ్గర మొదలుపెడితే నాలుగడుగుల దాకా అడ్డ జాయింట్ ఉండదు. రెండు మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టించండి. జాయింట్ లేకుండా ఆనించి వేస్తామంటే ఒప్పుకోవద్దు, ఎపాక్సీ దిగడానికి చోటుండాలి. గోడ గోడ కలిసే మూలలో, గోడ నేల కలిసే చోట మాత్రం ఎపాక్సీ కాదు, బూజు పట్టని శానిటరీ సిలికాన్ కొట్టించండి. అక్కడ కట్టడం కొంచెం కదులుతుంది, గట్టి ఫిల్లింగ్ బీటలు వారుతుంది. సిలికాన్ కొన్నేళ్ళకు నల్లబడితే కోసి తీసేసి కొత్తది వేసుకోవచ్చు.

ఎపాక్సీ నింపాక టైల్ మీద మిగిలింది తడిగా ఉన్నప్పుడే స్పాంజితో తుడవాలి. ఆరితే పొర కట్టి వదలదు, గరుకు టైల్ మీద మరీ కష్టం. మా వాళ్ళు తొందరపడి ఒకేసారి ఎక్కువ కలుపుతారు. కొంచెం కొంచెం కలపమని చెప్పండి.

సివిల్_ఒంగోలు

కడగడానికి నిమ్మ ఉప్పు చాలు. గోరువెచ్చని నీటిలో కలిపి మరక మీద పూసి పది నిమిషాలు ఉంచి కడిగేయండి. షవర్ తలను ఆ నీళ్ళలోనే నానబెట్టొచ్చు. బాత్రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. సిమెంట్‌ను తింటుంది, కుళాయిల క్రోమ్ పూతను పాడు చేస్తుంది. దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ, ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదికి వస్తుంది. పనిమనిషికి కూడా గట్టిగా చెప్పండి.

టైల్స్ కంటే ముందు వాటర్‌ప్రూఫింగ్ మరిచిపోకండి. టైల్, ఎపాక్సీ నీటిని ఆపుతాయని దీన్ని వదిలేస్తారు. రెండు కాంపొనెంట్ల పాలిమర్ సిమెంట్ పూత, రెండు కోట్లు, ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా. షవర్ గోడకు ఏడడుగుల దాకా, మిగతా గోడలకు అడుగు ఎత్తు. మూలల్లో, పైపుల చుట్టూ మెష్ పట్టీ వేయించండి. ఆరాక జాలీకి గుడ్డ కుక్కి నీళ్ళు నిలపండి, గోడ మీద పెన్సిల్‌తో మట్టం గీయండి. రెండు రోజుల తర్వాత గీత కిందికి బాగా దిగిపోయినా, కింద గానీ పక్క గదిలో గానీ చెమ్మ కనిపించినా టైల్స్ మొదలుపెట్టనివ్వకండి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా. కార్తీక మాసంలో వాన ముసురు పట్టినప్పుడు మన వైపు గోడలు రోజంతా ఆరవు. స్నానం అయ్యాక పావుగంట తిరగనివ్వండి.

కావలి_కొత్తిల్లు

ఇవన్నీ రాసుకున్నాను. మేస్త్రికి చదివి వినిపిస్తాను. ఎపాక్సీ ఏ రంగు తీసుకోమంటారు, తెలుపా?

కందుకూరు_గృహిణి

తెలుపు వద్దు, పసుపు రంగు తేలుతుంది. నలుపు వద్దు, ఉప్పు తేలుతుంది. టైల్ రంగుకు దగ్గరగా ఉన్న బూడిద రంగే తీసుకోండి.

టైల్స్_మేస్త్రి_నెల్లూరు

సరిగ్గా చెప్పింది వదిన. ఇంకొకటి, బాక్సుల మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఉంటాయి. అన్నీ ఒకటే ఉండేలా చూసుకుని, ఒక బాక్సు ఎక్కువ తీసుకుని అటక మీద పెట్టండి. రేపు ఎప్పుడైనా లోపల పైపు లీకై నాలుగు టైల్స్ పగలగొట్టాల్సి వస్తే ఆ రంగు మళ్ళీ షాపులో దొరకదు.

కావలి_కొత్తిల్లు

రేపు షాపుకు వెళ్తున్నాం అన్నా, నంబర్లు చూసే తీసుకుంటాను. నీళ్ళ రిపోర్ట్ రాగానే అంకెలు ఇక్కడే పెడతాను, సాఫ్ట్‌నర్ కావాలో వద్దో చూసి చెప్పండి.